మా ఇంట్లో పురుడు

ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా కాలం తటపటాయించాను. పురుటి కబుర్లు ఆడవాళ్ళు వంటింట్లో గొంతు తగ్గించి చెప్పుకునేవే గాని నలుగురూ చదివే చోట పెట్టేవి కావన్న సంకోచం ఒకటి. ఇది చదివి ఎవరైనా ఇంట్లోనే కంటానని పట్టుబడతారేమోనన్న భయం మరొకటి. మొన్న మా అమ్మాయి బడిలో ఎవరెవరు ఏ ఆసుపత్రిలో పుట్టారో చెప్పుకున్నారట. హైదరాబాదు పిల్లలు కదా, తలా ఒక పేరు చెప్పారు. ఇంటికొచ్చి, "మరి నేనో?" అని అడిగింది. "మనం అద్దెకున్న ఇంట్లో, మేడ మీద గదిలో, కిటికీ పక్కన" అన్నాను. దానికి చెప్పకుండా దాటేసిన భాగం ఒకటి ఉంది. అది ఇక్కడ రాసుకుంటున్నాను.

2014లో మావారి ఉద్యోగరీత్యా మేము నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో ఉండేవాళ్ళం. నెల తప్పిందని తెలియగానే పేరున్న డాక్టరు కోసం వెతకడం మొదలుపెట్టాను. అక్కడి పద్ధతి వేరు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణిని చూసేది డాక్టరు కాదు, వెర్లోస్‌కుండిగె. అంటే నాలుగేళ్ళు చదివి పట్టా పుచ్చుకున్న మంత్రసాని. ఆ డచ్చి మాటలో విడిపించడం అనే అర్థం దాగి ఉంది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలన్న సామెతలో తప్ప ఆ వృత్తిని ఎరుగని నాకు ఇది కొత్తగా తోచింది.

ఒకనాడు ఆవిడ మామూలుగా, కాఫీయా టీయా అన్నంత తేలిగ్గా, "ఇంట్లో కంటావా, ఆసుపత్రిలోనా?" అని అడిగింది. ఆ దేశంలో 1960ల దాకా సగానికి పైగా కాన్పులు ఇళ్ళలోనే జరిగేవి. ఇప్పుడు బాగా తగ్గినా ఆ దారి మూసుకుపోలేదు. నేను అంతర్జాలంలో దొరికినదంతా చదివాను. ఇంగ్లండులో 2011లో వెలువడిన పెద్ద అధ్యయనం ప్రకారం, ఇంట్లో కనాలనుకున్న తొలిచూలు వారిలో నూటికి 45 మంది నొప్పుల మధ్యలోనో కాన్పయిన వెంటనేనో ఆసుపత్రికి తరలవలసి వచ్చింది. తొలిచూలు బిడ్డకు ముప్పు కూడా కొంత ఎక్కువే. అది తెలిసే ఒప్పుకున్నాను. అయితే నిజం చెప్పాలంటే, లెక్కల కన్నా "సహజం" అన్న మాట నన్ను ఎక్కువగా ఆకర్షించింది. కాన్పు ఎలా జరగాలని కోరుకుంటున్నానో కాగితం మీద రాసిమ్మన్నారు. అందులో మందు వద్దు, సూది వద్దు, కోత వద్దు అని మూడు "వద్దు"లు రాసి, కింద గీత కూడా గీశాను.

తొమ్మిదో నెలలో తెనాలి నుంచి అమ్మ వచ్చింది. ఇంట్లో అట్టపెట్టె నిండా దూదిగుడ్డలు, మంచం కోళ్ళ కింద ఎత్తుకు పెట్టే దిమ్మలు, బిడ్డ పక్కలో పెట్టే వేడినీళ్ళ సీసాలు చూసి, "ఇవన్నీ ఏమిటే?" అంది. చెప్పాను. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాడు మావారు ఆఫీసుకు వెళ్ళాక నోరు విప్పింది. మా పెద్దమ్మ తొలికాన్పులో పోయిందని మాకు తెలుసు. ఎలా పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. 1968, వానాకాలం. కాలువ కట్ట మీది పల్లె. అమ్మకు అప్పుడు తొమ్మిదేళ్ళు. కాన్పు సుఖంగానే అయింది. మగపిల్లాడు, ఏడ్చాడు కూడా. అందరూ బిడ్డ చుట్టూ చేరారు. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మకు మంచం కింద నేల తడిసి కనిపించింది. "నీళ్ళు ఒలికాయనుకున్నానే. అందుకని ఎవరికీ చెప్పలేదు" అంది. రెండెడ్ల బండి బురదలో దిగబడింది. తెనాలి చేరేసరికి ఇంకేమీ మిగల్లేదు.

నలభై ఆరేళ్ళుగా అమ్మ మోస్తున్నది అదన్నమాట. నేను ఏమీ అనలేకపోయాను. మంత్రసానిని ఇంటికి పిలిపించాను. అమ్మ అడిగిన ప్రతి ప్రశ్ననూ నేను తర్జుమా చేస్తూ ఉంటే, ఆవిడ తన సంచీ తెరిచి ఒక్కొక్క వస్తువూ బల్ల మీద పెట్టింది. గుండె చప్పుడు వినే చిన్న యంత్రం, ప్రాణవాయువు సీసా, చల్లగా దాచిన మందు. అత్యవసరమైతే అంబులెన్సు 15 నిమిషాల్లో గుమ్మంలో ఉండాలన్నది అక్కడి ప్రమాణం. మా ఇంటి మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి కనుక, మనిషిని కిందికి ఎలా దించాలో కూడా ముందే చూసుకుంది. అమ్మ అన్నీ విని, "ఆ మందు ముందే పైకి తెచ్చి పెట్టుకోమను" అని మాత్రం అంది.

నవంబరులో ఒక రాత్రి ఒంటిగంటకు నొప్పులు మొదలయ్యాయి. నొప్పిని వర్ణించే భాష నాకు లేదు. ఒక అల పోయాక మరొకటి వచ్చేలోగా నిద్ర పట్టేసేది, అదే ఆశ్చర్యం. వేడినీళ్ళ కింద నిలబడ్డాను, మంచానికి తల ఆనించి మోకాళ్ళ మీద కూర్చున్నాను. అమ్మ నా నడుముకు నూనె రాస్తూనే ఉంది. మంత్రసాని తెల్లవారుజామున వచ్చి, మూల కుర్చీలో కూర్చుని, అప్పుడప్పుడు బిడ్డ గుండె విని తల పంకించేది. అంతకు మించి ఆవిడ ఏమీ చేయకపోవడమే నాకు కొండంత ధైర్యం. ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలకు పాప పుట్టింది. నా రొమ్ము మీద తడిగా, వేడిగా పడుకుంది. మావారు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

అందరూ పాపను చూస్తున్నారు. అమ్మ చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడి మంచం కిందికి చూస్తోంది.

మాయ పడింది గాని రక్తం ఆగలేదు. మొదట గమనించింది మంత్రసానే, అమ్మ నోరు తెరిచేలోపే. ఒక చేత్తో నా పొత్తికడుపు గట్టిగా అదుముతూ, "నీ కాగితంలో వద్దన్నావు. నాకిప్పుడు అవసరం. ఇవ్వనా?" అంది. తలూపాను. తొడకు ఒక సూది, ఆక్సిటోసిన్. సహాయకురాలు తడిసిన గుడ్డలు తూకం వేసి అంకెలు చెబుతోంది. మావారు చేతిలో దూరవాణి పట్టుకుని ఆవిడ కనుసైగ కోసం నిలబడ్డారు. కొన్ని నిమిషాలకు గర్భసంచి రాయిలా గట్టిపడింది. మొత్తం తొమ్మిది వందల మిల్లీలీటర్లు. ఇంకొంచెం పోయి ఉంటే అంబులెన్సే.

అప్పుడు నాకు తెలిసివచ్చింది. కనడం సహజమే. రక్తం పోయి చచ్చిపోవడం కూడా అంతే సహజం. నేను గీత గీసి కోరుకున్న మాటలో ఆ రెండూ ఉన్నాయి. పెద్దమ్మను పొట్టన పెట్టుకున్నది మా అమ్మమ్మ ఇల్లు కాదు, నన్ను కాపాడింది ఉట్రెక్ట్ ఇల్లూ కాదు. ఆక్సిటోసిన్‌ను విన్సెంట్ డు విన్యో ప్రయోగశాలలో తయారుచేసింది 1953లో. 1955లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. పెద్దమ్మ పోయేనాటికి ఆ మందు లోకంలోకి వచ్చి పదిహేనేళ్ళు. ఆ కాలువ కట్ట దాకా మాత్రం రాలేదు.

సాయంత్రం సహాయకురాలు అక్కడి ఆచారం ప్రకారం, వెన్న రాసిన రొట్టెబిళ్ళల మీద చక్కెర పూసిన సోంపు గింజలు చల్లి అందరికీ ఇచ్చింది. పాలు పడతాయని పూర్వం నమ్మేవారట. అమ్మ నవ్వి, తాను తెచ్చిన కాయం డబ్బా తీసి ఆవిడకు చూపించింది. వెళ్ళబోతున్న మంత్రసానిని ఆపి, ఖాళీ అయిన ఆ మందు సీసా ఒకసారి చూపించమని నాతో అడిగించింది. చిటికెన వేలంత కూడా లేదు. అరచేతిలో పెట్టుకుని, "ఇంతేనా?" అంది. చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే. వాటిలో పెద్దమ్మలాంటి ఎందరి ప్రాణాలు నిలిచాయో తలుచుకుంటే, ఇంట్లో కనమని నేను ఎవరికీ చెప్పలేను. అదే సర్వేలో నూటికి 60 పైగా కోత కాన్పులే అని చదివినప్పుడు, కుర్చీలో ఊరికే కూర్చున్న ఆ మంత్రసాని కూడా గుర్తుకొస్తుంది.

పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, ఇప్పుడు తెనాలిలోనే ఉన్నాడు. ప్రతి ఏటా తన పుట్టినరోజు నాడు గుడికి వెళతాడు గాని పాయసం తినడు. ఎందుకో మాలో ఎవరమూ అడగలేదు. మీ ఇళ్ళలోనూ ఇలాంటి ఎవరూ చెప్పని పురుటి కథలు ఉండే ఉంటాయి. చెప్పేవాళ్ళు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి.