గట్టు వేసిన డిస్కు

కోయిలకుంట్ల నల్లరేగడిలో అన్నదమ్ములు పొలం పంచుకుంటే ముందు గట్టు, తర్వాతే దుక్కి. లినక్సులో కొత్త డిస్కు చేర్చడమూ అంతే: ఎఫ్‌డిస్కుతో హద్దులు, ఎంకేఎఫ్ఎస్‌తో దుక్కి, ఆపైన మౌంటు. పాత ఎంబీఆర్ పద్ధతిలో ప్రధాన విభాగాలు నాలుగే. ఐదో వాటాదారు వస్తే ఒకదానిని ఎక్స్‌టెండెడ్ చేసి, దాని లోపలే సర్దాలి. (మా పెద్దల పంపకాల్లో ఈ సదుపాయం లేకపోయె!)

ఎఫ్‌స్టాబ్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని వ్రాయకండి మిత్రులారా, ఆ పేర్లు తారుమారు కావచ్చు, యూయూఐడీ వ్రాయండి. మా చిరునామాలో 2022లో కర్నూలు జిల్లా పోయి నంద్యాల జిల్లా వచ్చింది, పొలం కదిలిందా?

నాకు హోమ్ విభాగం వేరుగా ఉండవలసిందే. నాయన పద్దుపుస్తకాల స్కాన్లు అందులోనే ఉన్నాయి; కాగితాలు చెదల పాలయ్యాయి. ఉబుంటును ఎన్నిసార్లు తిరిగి వేసుకున్నా, ఆ విభాగాన్ని ఫార్మాట్ చేయకుంటే అవి భద్రం. డిస్కే పోతే గట్టుకు ఇరువైపులా పోతుంది కనుక నకలు వేరే డిస్కులో ఉంచాను.