ఆపా ఫోన్లో సున్నాలు

మా ఆపాకి అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగులో పుండ్లు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే మర్జ్. కర్నూలు నుంచి హైదరాబాద్ దవాఖానాకి మూడు నెలలకోసారి నేనే తీసుకెళ్లేవాణ్ని. డాక్టర్ సాబ్ "ఎలా ఉందమ్మా?" అంటే దుపట్టా సర్దుకుని "అచ్చీచ్ హూఁ సాబ్" అనేది. గుసుల్‌ఖానాకి ఎన్నిసార్లు పరిగెత్తిందో, ఖూన్ పడిందో లేదో తమ్ముడి ముందు ఎలా చెప్తుంది? ఆ శరమ్‌కి కారణం పక్క కుర్చీలో ఉన్న నేనేనని అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఉపాయం మా భాంజీది. ఫోన్లో రోజూ నాలుగు గడులు: ఎన్ని విరేచనాలు, ఖూన్ ఉందా, దర్ద్ ఎంత, గోలీ వేసుకుందా. జుమా పొద్దున బరువు. వారానికోసారి అదంతా డాక్టర్ సాబ్‌కి పోతుంది. ఇదేం మా ఇంటి కరామత్ కాదు. అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీ డాక్టర్లు ఇదే జబ్బున్నవాళ్ల ఇళ్లలో బరువు మిషన్లు పెట్టి చూశారు. నెదర్లాండ్స్‌లో 909 మందితో ఏడాదిపాటు చేసిన పరిశోధన 2017లో లాన్సెట్‌లో వచ్చింది. ఇంటి నుంచే హాల్ చెప్పుకున్నవాళ్లకి దవాఖానా తిరుగుళ్లు, అడ్మిట్ అవడాలు తగ్గాయి.

కానీ ఫోన్‌కైనా సచ్ చెప్పాలి కదా. పోయిన రంజాన్‌లో ఆపా గడుల్లో అన్నీ సున్నాలే. నేను మాషా అల్లా అనుకున్నాను. బరువు మిషన్ మీద అంకె మాత్రం భాంజీయే చూసి రాస్తుంది. రెండో జుమాకి 54 నుంచి 51కి దిగింది. "మామూ, అమ్మీ ఝూట్ రాస్తోంది" అని ఫోన్ చేసి ఏడ్చింది.

డాక్టర్ సాబ్ మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించారు. పేగు వాస్తే తెల్లకణాల నుంచి మలంలోకి దిగే ప్రోటీన్ అది. బాగా ఎక్కువొచ్చింది. మందు మార్చి, రోజా ఆపమన్నారు.

"మరీజుకి మాఫీ ఉంది కదా ఆపా, తర్వాత ఖజా చేసుకోవచ్చు" అన్నాను.

"నాకు తెలీదారా? ఎందుకు లేవు రోజా అని ఇంటికొచ్చినోళ్లంతా అడుగుతారు. ఏం చెప్పాలి?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మీ దగ్గర ఉంది. "నాకు షుగర్. నేనూ ఉండట్లేదు. ఎవరికీ ఏమీ చెప్పకు, నా దగ్గరికి రా" అంది. మిగిలిన రంజాన్ అంతా బావర్చిఖానా తలుపు దగ్గరేసుకుని ఇద్దరూ పెరుగన్నం తిన్నారు.

ఇప్పుడా ఫోన్‌కి ఆపా లాక్ పెట్టుకుంది. డాక్టర్ సాబ్‌కి పోతుంది, నాకు చూపించదు. ఈ జుమాకి బరువు మాత్రం తనే చెప్పింది. 53.