జాలరిపేట ఇసుక, బుర్గుండీ మన్ను

ఫ్రాన్సు దేశమున బుర్గుండీ యను సీమ గలదు. అచ్చట కొండవాలున బారులు తీరిన ద్రాక్షతోటలలో ఒక సన్నని దారికి ఈవల పండిన పండ్లతో జేసిన ఆసవమునకు ఒక పేరు, ఆవల పండినదానికి మఱియొక పేరు. రెండుచోట్లను తీగ యొక్కటే. 'పీనో న్వార్' అను నల్లద్రాక్ష. రెండు తోటలను సాగుచేయువాడును ఒక్కొక్కప్పు డొక్కడే. అయినను రుచి వేఱు, వెల వేఱు. ఇట్టి తోటముక్కలను అచ్చటివారు 'క్లీమా' లందురు. అవి 1247 గలవు. ఐక్యరాజ్యసమితి సాంస్కృతికశాఖ 2015లో వానిని ప్రపంచవారసత్వపు పట్టికలో జేర్చినది.

మద్యపు ముచ్చట మన పత్రిక కేల యని సోదరీమణులు కనుబొమలు ముడువవలదు. ఆ వస్తువు మా గడప దాటి లోనికి రాలేదు, రాబోదు. మృద్వీక మనగా ద్రాక్ష యనియు, దానినుండి పుట్టినది మార్ద్వీక మనియు చిన్ననాడు సంస్కృతము చదువుకొన్నపుడు తెలిసినది. వైద్యులిచ్చు ద్రాక్షాసవమును బాలింతలకు పోసి యెఱుగుదుము. మా పరిచయ మంతటితో సరి. కాని మన్ను రుచిని చేయునా యను ప్రశ్న మద్యమునకు మాత్రమే చెందినది కాదు. మా యూరి జాలరిపేటలో ఎండునెత్తళ్లు కొనునపుడు మేమును ఆ ప్రశ్ననే వేసికొనుచుందుము. శాకాహారులగు సోదరీమణులు ముక్కుపై కొంగు వేసికొనియైనను మాతో రెండడుగులు నడువగోరెదము.

ముందు ఆ ఫ్రెంచివారి సంగతి ముగింతము. నేలలోని సున్నమో ఇనుమో వేళ్లగుండ పండులోనికెక్కి నాలుకకు తగులునని వారి పూర్వులు నమ్మిరి. నేటి శాస్త్రజ్ఞులు దీని నంగీకరింపరు. మన్ను చేయు పని మఱియొకటి. అది నీటి నెంత నిలుపును, ఎంత విడుచును, పగటివేడి నెంతసేపు దాచును అనుటలోనే గుట్టంతయు నున్నది. బోర్డో సీమలోని మెడాక్ ప్రాంతము గులకరాళ్ల నేల. నీరు నిలువదు గనుక వేళ్లు లోతునకు దిగును. రాళ్లు వేడిని పట్టి యుంచును గనుక ఆలస్యముగా పండు 'కాబెర్నే' ద్రాక్ష అచ్చట చక్కగా పక్వమగును. దానికి కొంత దూరముననే యున్న పొమెరోల్ బంకమన్నునేల. అది చల్లనిది, తడి గలది. అందు త్వరగా పండు 'మెర్లో' జాతి కుదిరినది. షాంపేన్ సీమలో సుద్దనేల. సుద్ద వాననీటిని పీల్చి దాచుకొని, ఎండదినములలో తీగకు పిసరు పిసరుగా నిచ్చును, పొదుపరియగు అత్తగారు కోడలికి నెయ్యి వడ్డించినట్లు.

పిదప చేతి పని. పండ్లతొక్కల మీదను, గిడ్డంగి గోడలలోను నివసించు కంటి కగపడని సూక్ష్మజీవులే రసమును పులియబెట్టును. నేటికిని కొందఱు అంగడిలో కొన్న పులియుపదార్థమును వేయక, తమ తోటలోనిదానినే నమ్ముదురు. రసము ఓకుకఱ్ఱ పీపాలలో నెలల తరబడి నిలుచును. ఏ తోటముక్క ఏ గుణము గలదో కనిపెట్టినవారిలో సీతో మఠపు సన్న్యాసులు ముఖ్యులు. ఆ మఠము 1098లో స్థాపింపబడినది. ఎవ్వరును తొందరపడకుండ తరములు తరములుగా ఒకే నేలను చూచుచు గూర్చుండిన గాని ఇట్టి జ్ఞానము లభింపదు. 1860ల తరువాత 'ఫిల్లోక్సెరా' యను చీడపురుగు ఫ్రాన్సు తోటలను నాశనము చేసినది. చీడ నోర్చు అమెరికా తీగల వేళ్లపై తమ తీగలను అంటుగట్టి వారు మరల నిలిచిరి. ఆ కఱవుకాలమున దొంగపేర్ల సరకు విపణిలో నిండినది. అందుపై 1935లో ఒక చట్టము చేసి, ఫలానా యూరి పేరు పెట్టవలెనన్న ఫలానా హద్దులలో, ఫలానా జాతితో, ఫలానా పద్ధతినే చేయవలెనని కట్టడి జేసిరి. పేరును నేలకు ముడివేసిరన్నమాట.

ఇక మన జాలరిపేట. విశాఖపట్టణమున రామకృష్ణా బీచినుండి ఉత్తరముగా సముద్రపుటొడ్డున నడచిపోయిన, చినవాల్తేరు దాటి లాసన్సుబే చేరులోపల నీ పేట వచ్చును. దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ కొండ, ఉత్తరమున కైలాసగిరి. నడుమ ఇసుకమీదికి లాగిన పడవలు. పూర్వము మూడు నాలుగు దుంగలను త్రాళ్లతో గట్టిన తెప్పలే యుండెడివి. నేడు మోటారు బిగించిన ఫైబరు పడవలే యెక్కువ. ఇండ్లు దగ్గఱ దగ్గఱగా నున్నవి. సందులలో వలలు బాగుచేయు మగవారు, గుమ్మములలో గంపలు సర్దుకొను ఆడువారు. సముద్రము మగవారిది, ఒడ్డు ఆడువారిది. చేప ఇసుక తాకినంతనే పాట, బేరము, కోత, ఉప్పు, ఎండ, అమ్మకము అన్నియు స్త్రీల చేతిలోనివే. చదువుకొన్న మన యిండ్లలో ఇట్లు డబ్బుసంచి ఆడువారి నడుమున నుండుట అరుదని యొప్పుకొనక తప్పదు.

నెత్తళ్లను ఎండబెట్టుట చూచుటకు సులభము. వ్రేలెడైన లేని చేప గనుక కోయ నక్కఱలేదు. సముద్రపునీట కడిగి ఆరిన యిసుకమీద పలుచగా చల్లుదురు. రెండు మూడు గడియల కొకసారి చేతితోనో చీపురుతోనో కలియద్రిప్పుదురు. ఎండ బాగుగా నున్న ఒక్క దినము, లేకున్న రెండు దినములు. కవళ్లు, సావిడాయిలు కొంచె మెక్కువ దినములు కోరును. సొరవంటి పెద్దచేపల కిది చాలదు. పొట్ట చీల్చి, పేగులు తీసి, కండలో గాట్లు పెట్టి, ఆ గాట్లలో ఉప్పు కూరి, తొట్టిలో ఒక వరుస చేప, ఒక వరుస ఉప్పుగా పేర్తురు. మూడు నాలుగు పాళ్ల చేపకు ఒక పాలు ఉప్పు పట్టును. అది చేపలోని నీటిని లాగివేసి తాను లోనికి దిగును. పిదప కడిగి యెండబెట్టుదురు.

ఎండ యెక్కువైన కొలది మేలనుకొందుము గదా. అది తప్పట. ఒక వృద్ధురా లిసుకలో గూర్చుండి నెత్తళ్లు త్రిప్పుచు మాతో నన్న మాటలు: "సూరీడు ఎండెడతాడనుకున్నారేటి, మేష్టారమ్మగోరూ? గాలమ్మా, గాలి. మిట్టమద్దేనం ఎండకి పైన బెరడు కట్టీసి లోపల పచ్చిగుండిపోద్ది. అది నాలుగునాళ్లకి కంపు కొట్టద్దా? పొద్దుటేల కొండగాలి తోలితే అప్పుడు సూడండి, లోపల్నించి ఆరిపోద్ది." శాస్త్రజ్ఞులు చెప్పునదియు నిదియే. పైపొర త్వరగా గట్టిపడినచో లోని తడి వెలికి వచ్చు దారి మూసికొనిపోవును. ఆమె ఏ పుస్తకమును చదువలేదు.

ఇసుక యేమి చేయును? బోర్డో గులకరాళ్లు చేయు పనినే ఇదియు చేయును. చేపనుండి కాఱిన నీటి నంతటిని క్రిందికి త్రావివేయును. పగటి యెండకు కాగి, చేపను పైనుండి యెండయు క్రిందినుండి యిసుకయు ఒకేసారి ఆర్చును. విశాఖ తీరపు టిసుకలో తూర్పుకనుమల ఖొండలైటు రాళ్లు అరిగి వచ్చిన రవ్వలు గలవు. కెంపువన్నె గార్నెట్టు, నల్లని ఇల్మనైటు కలసి, అల తీసిన వెంటనే యొడ్డు చారలు చారలుగా కనబడును. నల్లచారపై పట్టపగలు అరికాలు మోపి నిలువలేము. ఏ పట్టున ఇసుక ముతక, ఏ పట్టున సన్నన, ఎచ్చట ఆటుపోటుల తడి లోన నిలుచును అనునది ఇచ్చటి స్త్రీలకు కరతలామలకము. ఒకే వలలో పడిన నెత్తళ్లను ఇసుకపై ఆరినవి, సిమెంటు గచ్చుపై ఆరినవి వేఱువేఱుగా తెచ్చి మేము వండి చూచితిమి. ఇసుకవి కరకరలాడుచు తేలికగా నున్నవి. గచ్చువి కొంచెము మెత్తన. అయితే మొదటివానిని నాలుగు నీళ్ల కడుగవలసివచ్చినది. రుచితోపాటు ఇసుకయు వచ్చును మఱి.

ఉప్పు కథ యింకను పెద్దది. శుద్ధమైన యుప్పు చేపలోనికి వేగముగా దిగును. మెగ్నీషియము, కాల్షియము కలిసిన యుప్పు తడబడుచు దిగి, చేపను తెల్లగా గట్టిగా చేయును, కొంత చేదును తెచ్చును. పైగా మెగ్నీషియము గాలిలోని తేమను పిలిచి దగ్గఱ నుంచుకొనును. కనుక ఏ మడి యుప్పు అను మాట ఎండుచేపకు పెద్ద మాటయే. శ్రీకాకుళపు నౌపడా ఉప్పుమళ్లు మన సీమకు చిరపరిచితములు. ఆంగ్లేయుల కాలమున ఉప్పుపై పన్ను వేసినపుడు తీరములోని బీదజాలరులు ఉప్పు కొనలేక చౌటిమన్నుతో చేపలను ఊరబెట్టెడివారు. మన్ను నేరుగా రుచిలో జొరబడినది ఇచ్చటనే. అది దారిద్ర్యపు రుచి. 1873లో ఫ్రాన్సిస్ డే యను వైద్యోద్యోగి భారతదేశపు సముద్రమత్స్యములను గూర్చి వ్రాసిన నివేదికలో, చేపల నూరబెట్టుటకు చౌకయుప్పు నీయవలెనని వాదించెను. పిదప మద్రాసు రాజధానిలో సర్కారువారి పర్యవేక్షణలో చేపల యుప్పుదొడ్లు వెలసినవి. వానిలో పన్ను లేని యుప్పు దొరకెడిది. 1930లో దేశమంతయు ఉప్పుకై నిలిచినపుడు ఆ నిలుచుటకు గల కారణము తీరపు గుడిసెలకు ఒకరు చెప్పి తెలియవలసినది కాదు.

కాలము మాట. సంక్రాంతి మొదలు చైత్రము వఱకు తేమ తక్కువ, చేప యెక్కువ. అప్పటి సరకే మేలైనది. ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, తూర్పుతీరమున మోటారు పడవల వేట 61 దినములు నిషిద్ధము. ఆ రెండు మాసములును పేటలో కుండ మరుగుటకు గంపలో దాచిన ఎండుచేపయే దిక్కు. వానకాలమున ఈగలు, బూజు. ఎంత యుప్పు వేసినను నమ్మరాదు. ఆశ్వయుజకార్తికములు తుఫానుల కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ యొడ్డుననే తాకి పడవలను, వలలను, ఇండ్లకప్పులను తీసికొనిపోయినది, ఒడ్డును కోసివేసినది.

ఒడ్డు కోసికొనిపోవుటకు తుఫానొక్కటే కారణము కాదు. మన తూర్పుతీరమున ఇసుక ఏడాది మొత్తముమీద దక్షిణమునుండి ఉత్తరమునకు నడచుచుండును. విశాఖ రేవు 1933లో తెరువబడినది. ఆ నడచివచ్చు ఇసుక రేవు నోటిలో పడకుండ రెండు పాత యోడలను ముంచి కట్టగా నిలిపిరి. పిదప వెలుపలి రేవును కట్టిరి. రేవు వద్ద ఆగిన యిసుక అంతయు జాలరిపేటకును, దాని ఉత్తరపు టొడ్డునకును రావలసినదే. రేవువారు త్రవ్విన యిసుకను నీటితో గూడ ఉత్తరపు టొడ్డున పోయించుట యొకటి గలదు. అయినను కొన్ని యేండ్లు అలలు మెట్టలను కొఱికి ముందునకు వచ్చును. బుర్గుండీలో తోట యెక్కడికిని పోదు; దాని చుట్టు రాతిగోడ యున్నది, గోడ లోపలి నేలకు దస్తావేజున్నది. జాలరిపేట స్త్రీ యెండబెట్టు నేల రాత్రికి రాత్రి సముద్రములోనికి నడచిపోవచ్చును. మిగిలిన యిసుకపై ఆమెకు కాగిత మేదియు లేదు. పూర్వమునుండి వాడుకొనుచున్నామను మాటయే యున్నది. ఆ యొడ్డుననే షికారుదారి, ఉద్యానము, కుర్చీలు కావలెనని కోరువారు పట్టణమున పెరుగుచున్నారు. సాయంకాలము గాలికై వచ్చి చేపకంపని మూతి త్రిప్పువారిలో, అదే చేపను రాత్రి పులుసులో మెచ్చువారును గలరు.

మత్స్యసాంకేతిక పరిశోధనాసంస్థవారి శాఖ మన విశాఖలోనే యున్నది. ఇసుక విడిచి, ఎత్తైన వెదురుపందిళ్లపై వలపఱచి ఎండబెట్టుడని ఆ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. క్రిందనుండియు గాలి తగులును, ఇసుక యంటదు, కుక్కలు కాకులు దూరముగా నుండును. పాతదంతయు పవిత్రమని మేమనము; ఇసుక నమలుట సంప్రదాయము కాదు. ఆ వృద్ధురాలు గాలిని గూర్చి చెప్పినది పందిరి మీదనే యెక్కువ చెల్లును. కాని పందిరి వేయుటకును చోటు కావలెను గదా! ఇసుకపైని చేపలను సాయంకాలము గంపలోని కెత్తుకొని పోవచ్చును. పందిరి నాటుటకు నేల తనదై యుండవలెను. పద్ధతి మార్చుకొను మనువారు ఈ సంగతి ముందు తేల్చిన బాగుండును.

మన దేశమునను ఫ్రెంచివారి చట్టమువంటిది 1999లో వచ్చి 2003నుండి అమలులో నున్నది. బంగినపల్లి మామిడికి 2017లోను, అరకు కాఫీకి 2019లోను ఆ గుర్తింపు దొరకినది. అరకు కాఫీ 2017లో పారిసు నగరమున అంగడియే తెరచినది. కొండమీది గిరిజనుని గింజకు దొరకిన పేరు కొండక్రింది జాలరి స్త్రీ చేపకు లేదు. మేమీ మాట యనగా ఆ వృద్ధురాలు నవ్వి, "పేరెట్టినోలొచ్చి మమ్మల్ని లెగమన్రు గదా?" అని యడిగినది. మాకు బదులు తోచలేదు.

కొనుగోలు చేయు సోదరీమణులకు రెండు మాటలు. మంచి నెత్తలి వెండివన్నె విడువక, వంచిన పుటుక్కున విఱుగును. వంగిన నది పచ్చి. ఉప్పుచేపపై ఎఱ్ఱని జిగురుపొర కనబడిన తీసికొనవలదు; అది ఉప్పులో బ్రతుకు సూక్ష్మజీవుల పని. ఇంటికి తెచ్చినవెంటనే మరల ఒక పూట ఎండలో నుంచి, మూత బిగువైన జాడీలో పెట్టవలెను. వండునపుడు తలలు తుంచి, ఒట్టి మూకుడులో వేడిచేసి, కడుగునీటిలో మూడు నాలుగు మారులు జాడించి, ముదురని వంకాయలతో, చింతపండు తక్కువగా వేసి కూర చేయవలెను. వంకాయ సగము ఉడికిన పిదప చేప వేయవలెను. ముందే వేసిన విఱిగిపోవును. ఉప్పు మాత్రము చివర రుచి చూచియే.