కోస్తేనే పూస్తుంది

లండన్ కబుర్లంటే అందరూ గడియారస్తంభం దగ్గర మొదలెడతారు. నేను మాత్రం గులాబీ తోట దగ్గర మొదలెడతాను. ఎందుకంటే మా ఆవిడ మా పరువు తీయబోయి ఆగింది అక్కడే.

జూన్ మొదటివారం. బేకర్ స్ట్రీట్ స్టేషన్లో దిగి అమ్మాయి వెనకాలే రీజెంట్స్ పార్కులోకి నడిచాం. చెరువులో పడవలు, ఒడ్డున బాతులు. చెరువు దాటి కాస్త లోపలికి వెళ్ళేసరికి గాలి వాసనే మారిపోయింది. క్వీన్ మేరీ గార్డెన్స్. టిక్కెట్టు కూడా లేదండోయ్!

మేరీ అంటే 1911లో ఢిల్లీ దర్బారుకొచ్చిన ఐదో జార్జి భార్య. ఆ జాగా చాలాకాలం ఓ వృక్షశాస్త్ర సంఘం చేతిలో ఉండేది. వాళ్ళ కౌలు తీరాక 1932లో జనం కోసం తెరిచి ఆవిడ పేరు పెట్టారు. గులాబీ తోట పూర్తయ్యేసరికి 1934 వచ్చింది. దాదాపు 12,000 మొక్కలు. ఒక్కో మడిలో ఒకటే రకం. చుట్టూ స్తంభాలు నాటి, వాటి మధ్య మోకులు వేలాడదీసి తీగ గులాబీలు పాకించారు. పెళ్ళిపందిరికి దండలు కట్టినట్టే ఉంది.

"ఏమండీ, ఒక్కటే..." అంటూ మా ఆవిడ చెయ్యి చాచింది.

"అమ్మా! ఇక్కడ కోయకూడదు."

"ఇన్ని పూలుండి, దేవుడికీ లేక జడలోకీ లేక ఉత్తినే రాలిపోవడమా!"

నాకూ నిజమేననిపించింది. కడియం నుంచి తెచ్చుకున్న మొక్క మా పెరట్లో ఒక్క పువ్వు పూస్తే ముగ్గురు పోటీ పడతారు మరి.

ఇంతలో ఓ తోటమాలి కత్తెరతో టకటకా పూలు కత్తిరిస్తూ కనబడ్డాడు. "అతను కోయొచ్చేం?" అంది మా ఆవిడ. దగ్గరికెళితే అన్నీ వాడినవే. అమ్మాయి విడమరిచి చెప్పింది: వాడిన పువ్వు కొమ్మనే ఉంటే కాయ కడుతుంది, మొక్క సత్తువంతా గింజలకే పోతుంది. తుంచేస్తే మళ్ళీ చిగురేసి మొగ్గ తొడుగుతుంది. పూర్వం యూరప్ గులాబీలు చాలామటుకు ఏడాదికొక్కసారే పూసేవట. పదేపదే పూసే గుణం చైనా మొక్కలతో కలిపాక వచ్చిందట.

"ఈమాత్రం దానికి ఇంత చదువెందుకే? కోస్తేనే పూస్తుందని మా అమ్మ రోజూ అనేది," అంది మా ఆవిడ.

ఆలోచిస్తే తేడా ఎంతని! వాళ్ళు కళ్ళారా చూసుకుని, వాడాక కోస్తారు. మనం విచ్చీవిచ్చకుండానే జడలో తురుముతాం. మొక్కకి మాత్రం రెండూ ఒకటే.

తిరిగొస్తూ మా ఆవిడ నేలరాలిన రేకులు నాలుగు ఏరుకుంది. రాలిన పువ్వు దేవుడికి పనికిరాదు, పారిజాతమైతే తప్ప. అందుకని అవి ఇప్పటికీ ఆవిడ పాస్‌పోర్టులోనే ఉన్నాయి.