మోసే చేతులు



మొన్న యవనస్తుల కూడిక అయ్యాక ఒక తమ్ముడు, "అయ్యగారూ, మీరు సూపర్ హీరో సినిమాలు చూస్తారా?" అని అడిగాడు. చూస్తానన్నాను. అందరూ నవ్వారు. ఏ హీరో ఇష్టమంటే వుల్వరిన్ అని చెప్పాను. నేను చదువుకునే రోజుల్లో, 2000లో, 'ఎక్స్-మెన్' మొదటి సినిమా వచ్చింది. పిడికిలి బిగిస్తే చేతికి మూడేసి చొప్పున ఉక్కు గోళ్లు బయటికొస్తాయి. ఎంత గాయమైనా చూస్తుండగానే మానిపోతుంది. ఆ వయసులో ఎవరికి నచ్చదు చెప్పండి! ఆ వేషం వేసిన హ్యూ జాక్‌మన్‌ను అప్పటి నుంచి చూస్తూ వచ్చాను. 2017లో జేమ్స్ మాన్‌గోల్డ్ తీసిన 'లోగన్' కూడా చూశాను. ఈమధ్య ఒక రాత్రి, మా నాన్నగారిని పడుకోబెట్టాక, ఫోనులో దాన్ని మళ్లీ చూశాను. ఈసారి అది నాకు వేరే సినిమాలా కనబడింది.

ముందుగా తల్లిదండ్రులకు ఒక మాట. ఇది పిల్లల సినిమా కాదు. అమెరికాలో దీనికి ఆర్ రేటింగు ఇచ్చారు. అంటే పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దలు వెంట లేకుండా చూడకూడదు. నరుకుడు, నెత్తురు, బూతు మాటలు చాలా ఉన్నాయి. హీరో బొమ్మ ఉంది కదా అని పసివాళ్ల చేతికి ఇవ్వకండి. నేను ఇక్కడ కథ చివరి వరకు చెప్పబోతున్నానని కూడా గమనించండి.

కథ 2029లో జరుగుతుంది. వుల్వరిన్ అసలు పేరు లోగన్. ముసలివాడైపోయాడు. ఎముకలకు పూత పూసిన లోహమే విషమై లోపలి నుంచి తినేస్తోంది. గాయాలు మునుపటిలా మానడం లేదు. అద్దె కారు నడుపుకుంటూ బతుకుతున్నాడు. ఆ డబ్బుతో మందులు కొని, మెక్సికో సరిహద్దు దాటి, ఒక పాడుబడ్డ చోటికి తీసుకెళ్తాడు. అక్కడ నేలకొరిగిన పెద్ద నీళ్ల ట్యాంకు ఉంది. అందులో ఉంటాడు చార్లెస్ జేవియర్. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా గొప్ప మేధావి. లోగన్ లాంటి ఎందరినో చేరదీసి, బడి పెట్టి, తండ్రిలా పెంచినవాడు. ఇప్పుడు ఆ మెదడుకే జబ్బు చేసింది. మూర్ఛ వస్తే చుట్టుపక్కల వాళ్లంతా కదల్లేక బిగుసుకుపోతారు. ఊపిరి ఆడదు. అలాంటి ఒక రోజున తన సొంతవాళ్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సంగతి ముసలాయనకు జ్ఞాపకం లేదు. లోగన్ చెప్పడు. ఆ భారం కూడా తనే మోస్తాడు.

లోగన్ మొదటిసారి ఆ ట్యాంకులోకి వెళ్లినప్పుడు చార్లెస్ అతన్ని గుర్తుపట్టడు. మందిచ్చి పడుకోబెట్టే మనిషిగానే తెలుసు. తిడతాడు, విసిరి కొడతాడు. లోగన్ కూడా విసుక్కుంటాడు, అరుస్తాడు. అయినా మాత్ర మింగిస్తాడు.

మా నాన్నగారిని మీలో చాలామంది మేస్త్రి తాతగా ఎరుగుదురు. మన మందిరం గోడలు ఆయన కట్టినవే. రెండు సిమెంటు బస్తాలు ఒకేసారి భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కిన మనిషి. నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. ఇప్పుడు అన్నం కలిపి నోట్లో పెట్టాలి. రాత్రి మూడుసార్లు లేపి బయటికి తీసుకెళ్లాలి. ఒళ్లు కడిగేటప్పుడు నా ముఖంలోకి చూసి, "ఎవరయ్యా నువ్వు? మా అబ్బాయిని పిలువు" అంటారు. మొదట్లో "నేనే నాన్నా" అనేవాణ్ణి. ఇప్పుడు "వస్తున్నాడు తాతా, దారిలో ఉన్నాడు" అంటున్నాను. అలా అంటేనే ఆయన నెమ్మదిగా పడుకుంటారు. ఆదివారం నేను వాక్యం చెబుతుంటే మీకు కనబడే మనిషి శనివారం రాత్రంతా ఆ మాట అంటూ ఉన్నవాడే.

అందుకే ఈసారి పోరాటాల మీద నా కన్ను నిలవలేదు. ఒక హోటల్లో చార్లెస్‌కు మూర్ఛ వస్తుంది. అందరూ బిగుసుకుపోతే లోగన్ ఆ గోళ్లను గోడల్లోకి దించి, వాటిని పట్టుకుని అడుగు తరవాత అడుగు లాక్కుంటూ వెళ్లి, ముసలాయనకు సూది వేస్తాడు. ఇన్నేళ్లూ నేను చప్పట్లు కొట్టిన బలమంతా ఒక రోగి పక్క దగ్గరికి చేరడానికి ఖర్చయింది. అంతకంటే గొప్ప యుద్ధం ఈ సినిమాలో నాకు కనబడలేదు.

తరవాత దారిలో ఒక రైతు కుటుంబం వాళ్లను భోజనానికి పిలుస్తుంది. అన్నం, నవ్వులు, మంచి పక్క. చార్లెస్‌ను లోగన్ ఎత్తుకుని మేడ మీద పడుకోబెడతాడు. ఆ రాత్రి ముసలాయనకు గతం గుర్తొస్తుంది. చీకట్లో మంచం పక్కన నిలబడ్డ మనిషికి మనసు విప్పి చెప్పుకుంటాడు. ఆ మనిషి లోగన్ కాడు. లోగన్ కణాలతో శత్రువులు తయారుచేసిన నకలు. అదే ముఖం, అవే గోళ్లు. ఆ గోళ్లే ఆయన గుండెలో దిగుతాయి.

చూపు మందగించిన ఇస్సాకు చేతులు తడిమి చూసి ఒక కొడుకును మరొక కొడుకనుకున్న సంగతి మనకు తెలుసు. ఇక్కడ మరో తండ్రి అదే చీకట్లో ఉన్నాడు. లోగన్ పరుగున వచ్చి, ఆయన్ని ఎత్తుకుని బండిలో పడుకోబెట్టి, అది నేను కాదని మళ్లీ మళ్లీ చెబుతాడు. అక్కడ సినిమా ఆపేశాను. పక్క గదిలో నాన్నగారి ఊపిరి వింటూ కాసేపు కూర్చున్నాను. ఇన్నాళ్లు కడిగిన చేతులు ఎవరివో తెలియకుండానే ఆయన వెళ్లిపోతారా? నా భయం అదే.

మళ్లీ మొదలుపెట్టాక, మొదటిసారి నేను పట్టించుకోని ఒక మాట విన్నాను. ప్రాణం పోయేముందు చార్లెస్ తమ పడవ పేరు ఎత్తుతాడు. డబ్బు కూడబెట్టి పడవ కొని సముద్రం మీదికి వెళ్లిపోదామన్నది వాళ్లిద్దరి ఆశ. అంటే తనను మోస్తున్నది ఎవరో ఆయనకు తెలిసింది. నేనైతే అలాగే నమ్ముతున్నాను. నాన్నగారు కూడా అప్పుడప్పుడు ఉన్నట్టుండి, "ఇటుకలు తడిపావట్రా?" అని అడుగుతారు. సెలవుల్లో ఆయన ఇటుకలు తడిపే పని నాది. ఆ ప్రశ్న ఆయన మరెవర్నీ అడగరు.

లోగన్ ఆయన్ని ఒక చెరువు దగ్గర పాతిపెడతాడు. ఏదో చెప్పాలని నిలబడి, ఇక్కడ నీళ్లున్నాయి అన్నంతవరకే చెప్పగలుగుతాడు. ఆ పైన మాట రాదు. నేను ఎన్నో భూస్థాపనలు జరిపించాను. అంత పొట్టి ప్రసంగం, అంత నిజమైనది, నేను చేసిన వాటిలో లేదు.

ఇదంతా లారా అనే పదకొండేళ్ల పాప చూస్తూ ఉంటుంది. అదే లోగన్ కణాలతో పుట్టిన బిడ్డ. ముసలాయన పోయాక లోగన్ కూడా కుప్పకూలితే, అతన్ని డాక్టరు దగ్గరికి చేర్చింది ఆ పాపే. ఎవరూ ఆమెకు పాఠం చెప్పలేదు. మోయడం చూసింది, మోసింది. చివరికి అతని సమాధి దగ్గర, తాతతో కలిసి టీవీలో చూసిన 'షేన్' అనే 1953 నాటి సినిమాలోని మాటలే చెబుతుంది. ఆమెకు తెలిసినవి అవే. మన చెవిలో ఎవరేమి వేశారో సమాధి దగ్గర అదే నోటికొస్తుంది. ఆపైన ఆమె పుల్లల సిలువను పక్కకు వంచి ఎక్స్ గుర్తు చేస్తుంది. కొందరికి అది నొప్పి కలిగించవచ్చు. ఏ ప్రార్థనా వినని ఒక పసిపిల్ల తన తండ్రిని తనకు తెలిసిన గుర్తుతో సాగనంపిందని నాకు అనిపించింది.

ప్రియులారా, షేము, యాపెతు తమ తండ్రి మానాన్ని చూడకుండా వెనక్కి నడిచి వెళ్లి బట్ట కప్పారు. నోవహు అప్పుడు నిద్రలో ఉన్నాడు. కప్పిన చేతులు ఆయన చూడలేదు, దేవుడు చూశాడు. మీ ఇంట్లో మంచం పట్టిన అత్తగారో, మిమ్మల్ని గుర్తుపట్టని నాన్నగారో ఉంటే ఈ వారం ఆ సంగతి తలచుకోండి. విసుగు వస్తే ప్రభువుతోనే చెప్పుకోండి, ఆయన నొచ్చుకోడు. దూరాన ఉన్న బిడ్డలారా, డబ్బు పంపిస్తున్నారు, మంచిదే. ఇక్కడ చేతులతో చేస్తున్న చెల్లికో వదినకో ఈ ఆదివారం ఫోను చేసి, "నువ్వు తిన్నావా? నిద్రపోయావా?" అని కూడా అడగండి.

రహస్యమందు చూసే తండ్రి, రాత్రుళ్లు మేలుకునే ప్రతి ఒక్కరి చేతులకు బలమిచ్చును గాక. ఆమేన్.