డోర్నకల్లులో ప్రేమవిందు

మొన్నటి సంక్రాంతి సెలవులలో మేము డోర్నకల్లునకు పోయి వచ్చితిమి. యాత్ర యనగానే మన స్త్రీలకు కాశీయో, రామేశ్వరమో, తిరుపతియో స్ఫురించును. మేము పోయినది అట్టి క్షేత్రమునకు గాదు. విజయవాడనుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున, ఖమ్మము దాటిన పిమ్మట వచ్చు జంక్షను డోర్నకల్లు. నేడది తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలోనిది. అచ్చట మా ఆడబిడ్డ కాపురము. దక్షిణదేశమున పేరెన్నికగన్న క్రైస్తవ దేవాలయ మొకటి అచ్చటనే కలదు. ఆడబిడ్డను చూడబోయి దేవాలయమును చూచితిమి. దేవాలయమును చూచిన పిమ్మటనే ఆడబిడ్డను సరిగా చూడగలిగితిమి. ఈ రెండును ఎట్లు ముడిపడెనో సోదరీమణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తొమ్మిదేండ్ల క్రిందట మా ఆడబిడ్డ తనతోపాటు పాఠశాలలో పనిచేయుచుండిన క్రైస్తవ యువకుని వివాహమాడెను. ఆ మాట విని మా అత్తగారు మూడుదినములు అన్నము ముట్టలేదు. మేమెవ్వరమును ఆమెను నిందింపలేదు, రావలదని చెప్పలేదు; కాని యెవ్వరమును ఆమె గడప త్రొక్కలేదు. ఏటేట సంక్రాంతికి ఒక చీరయు, పసుపుకుంకుమలును పార్సెలు కట్టి పంపుచుంటిమి. పార్సెలు పంపిననాడు మా మనస్సులు తేలికపడుచుండెడివి. ఆడపడుచునకు చేయవలసినది చేసితిమి గదా యనుకొనుచుంటిమి. ఆమెయు చీర అందినదని మర్యాదగా ఉత్తరము వ్రాయుచుండెను.

ఈ యేడు ఆమెకు కుమారుడు కలిగెను. శిశువునకు బాప్తిస్మ మిప్పించుచున్నామని తెలుపుచు ఆమె మాకు వ్రాసిన యుత్తరములో చివర నిట్లుండెను: "వదినా, ఈసారి చీర పంపవద్దు. నా పెట్టెలో ఎనిమిది ఉన్నవి. అన్నయ్యా, నీవూ రండి. ఒక్కపూట నా చేతి అన్నము తిని వెళ్ళండి." మావారు ఆ యుత్తరమును రెండుసారులు చదివి, మడిచి, జేబులో పెట్టుకొనిరి. ఆ సాయంకాలము మేము ప్రయాణము నిశ్చయించితిమి. అత్తగారు పొమ్మనలేదు, వలదనలేదు. జపమాల త్రిప్పుకొనుచు గోడవైపు తిరిగి కూర్చుండిరి.

విజయవాడలో ఉదయము బండి యెక్కితిమి. కృష్ణాతీరపు పచ్చదనము క్రమముగా వెనుకబడెను. మధిర దాటిన పిమ్మట ప్రత్తిచేలు, తాటిచెట్లు కానవచ్చెను. ఖమ్మము సీమ మిరపకు ప్రసిద్ధి గదా. అక్కడక్కడ కళ్ళములలో మిరపపండ్లు ఎఱ్ఱని తివాచీలవలె పరచియుండెను. డోర్నకల్లున దిగగానే కొత్తగూడెము వైపు చీలిపోవు రైలుదారి చూచితిమి. సింగరేణి బొగ్గు ప్రయాణించు దారులలో నిది యొకటి. స్టేషనునకు మా ఆడబిడ్డ శిశువు నెత్తుకొని వచ్చియుండెను. మమ్ము చూచి యేమియు మాటాడలేక బిడ్డను మావారి చేతులలో పెట్టెను. మేనమామయు మాటాడలేదు.

ఆ సాయంకాలము ఆమె మామగారు మమ్ము దేవాలయమునకు తోడ్కొనిపోయిరి. ఆయన ఉపాధ్యాయవృత్తినుండి విరమించిన పెద్దమనిషి. ఆ దేవాలయమును చూచి మేము నిలువబడిపోయితిమి. క్రైస్తవుల గుడియనగా సీమదేశపు కట్టడమువలె నుండుననుకొంటిమి. ఇచ్చటి గుమ్మటములును మీనారులును మసీదును తలపించును. చెక్కిన స్తంభములు మన దేవాలయ మండపములను తలపించును. వానియందు పద్మమును సిలువయు కలసియుండును. మూడు మతముల శిల్పము ఒకచోట పొందుగా కూడియుండుట మేమిదివరకు చూడలేదు. "మా దేవుడు ఈ దేశమునకు పరాయివాడు కాడని చెప్పుటకే ఇట్లు కట్టిరమ్మా" అని ఆయన చెప్పిరి. ఏండ్లతరబడి కొంచెము కొంచెముగా కట్టగా, 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన దీనికి ప్రతిష్ఠ జరిగెను. ఆ దినము క్రైస్తవులకు ఎపిఫనీ పండుగ. తూర్పుదేశపు జ్ఞానులు దూరమునుండి వచ్చి శిశువైన యేసును దర్శించిన దినమని దానిని కొనియాడుదురు. దేవాలయమునకును ఎపిఫనీ యనియే పేరు.

దీనిని కట్టించిన మహనీయుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన తెలుగువాడు కాడు. 1874వ సంవత్సరమున తిరునెల్వేలి సీమలోని యొక పల్లెలో గ్రామగురువునకు కుమారుడై పుట్టెను. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు విదేశీయుల ధనముపై నాధారపడక తమ సొంత సొమ్ముతో మిషనొకటి స్థాపించిరి. దాని స్థాపనలో ముఖ్యుడైన అజరయ్య 1909లో తానే ఆ మిషను సేవకుడై, నాటి నిజాము రాజ్యములోని యీ యూరికి వచ్చి, తెలుగు నేర్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషపు పదవి నిచ్చిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయు డాయనయే. ఎడ్లబండిలో పల్లెపల్లెకు తిరిగి, పెద్దకులములవారు దరికి రానీయని మాలమాదిగల వాడలలో ఆయన కూర్చుండెను. 1941 నాటికి ఈ మండలమున క్రైస్తవులు రెండు లక్షలకు మించిరి.

ఆయన ధర్మపత్ని అన్బు మరియమ్మాళ్. 1898లో వారి వివాహము జరిగెను. దక్షిణదేశమున కళాశాలలో చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకరు. అట్టి విదుషి తన భాష వినబడని ఈ సీమకు భర్తవెంట వచ్చి, కూలినాలి చేసికొను స్త్రీలనడుమ పనిచేసెను. మగవారి చరిత్రలలో ఇల్లాండ్రకు ఒక పంక్తి దక్కుటయే అరుదు గనుక, మేము ఆమె పేరును ప్రత్యేకముగా అడిగి తెలిసికొంటిమి.

పిమ్మట ఆ పెద్దమనిషి చెప్పిన యొక వృత్తాంతము మా గుండెలో ములుకువలె నాటుకొనెను. 1910వ సంవత్సరము జూనులో స్కాట్లండు దేశమున ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. పాశ్చాత్యుల పెద్దలు వందలాదిగా కూర్చుండిన యా సభలో ముప్పదియైదేండ్ల అజరయ్య లేచి మాటాడెను. మిషనరీలు మా దేశమునకు ధనమిచ్చిరి, చదువిచ్చిరి, ప్రాణములను సైతము ధారవోసిరి. ఆ త్యాగమును మేము మరువము. కాని మాతో సమానముగా కూర్చుండి స్నేహము చేసినవారు అరుదు. మాకు దాతలేకాదు, స్నేహితులు కావలయును అని ఆయన ప్రసంగ సారాంశము. ఆ మాటలకు సభలో కొందరు నొచ్చుకొనిరట. నూరేండ్లు దాటినను ఆ ప్రసంగమును క్రైస్తవలోక మిప్పటికిని తలచుకొనుచున్నది.

మావారు తలవంచుకొని వినుచుండిరి. మాకు పెట్టెలోని యెనిమిది చీరలు కన్నులకు కట్టెను.

పెద్దాయన మా మనస్సు నెరుంగరు. తమ ధోరణిలో తాము చెప్పుకొనిపోయిరి. "దేవుని ప్రేమ యననేమి యని పిల్లలు నన్నడుగుదురమ్మా. ఆయన ఆకాశమునుండి దానములు విసరి యూరకుండలేదు. తానే మనిషియై వచ్చి, వడ్రంగి యింట పెరిగి, ఎవరును తమ యింటికి రానీయనివారి పంక్తిని కూర్చుండి భుజించెను. శిష్యుల పాదములు కడిగెను. పంపుట కాదు, వచ్చుటయే ప్రేమ. మేమును దానిని పూర్తిగా నేర్వలేదు. ఒకే గుడిలో మాలలొకచో, మాదిగలొకచో కూర్చుండిన కాలము నేనెరుగుదును. అజరయ్యగారు ఆ భేదముతో జీవితమంతయు పోరాడిరి. అది నేటికిని వేరులతో పోలేదు." తమ మతమును పొగడుకొనుచునే అందలి కొఱతను దాచక చెప్పిన ఆ పెద్దరికమునకు మాకు గౌరవము కలిగెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. చిన్ననాడు మా నాయనగారు చెప్పిన ఉద్యోగపర్వము జ్ఞప్తికి వచ్చెను. రాయబారమునకు వచ్చిన శ్రీకృష్ణునకు దుర్యోధనుడు రాజోపచారములతో విందు సిద్ధపరచెను. కృష్ణుడు దానిని కాదని విదురుని యింటికి పోయి భుజించెను. ఈ కథను ఎన్నిమారులో చదివితిమి, పిల్లలకు చెప్పితిమి. విందు గొప్పది కాదు, పెట్టువాని హృదయమే గొప్పది యని అర్థమును చెప్పితిమి. కాని మేమును విదురుని పిలుపువంటి పిలుపునే తొమ్మిదేండ్లు త్రోసివేసితిమని ఆ రాత్రివరకు మాకు తట్టలేదు. చదివిన చదువు ఇంటి గడపవద్ద ఆగిపోవుట యన నిదియే గాబోలు!

మరునాడు ఆదివారము. దేవాలయమున జనులు నిండియుండిరి. వారు పాడిన కీర్తనలు విని మాకు ఆశ్చర్యము కలిగెను. అవి మన రాగములే, మన తాళములే. వారి కీర్తనల పుస్తకమున పాటలకు రాగతాళములు సూచించియున్నవి. పందొమ్మిదవ శతాబ్దమున పురుషోత్తమ చౌధరి (1803-1890) మొదలైనవారు తెలుగు నుడికారముతో కీర్తనలు రచించి క్రైస్తవుల భక్తికి మన సంగీతపు బాట వేసిరి. మహాకవి జాషువా క్రీస్తు చరిత్రను పద్యకావ్యముగా రచించి 1964లో సాహిత్య అకాడమీ బహుమాన మందెనని మాకు తెలియును గాని, పొలము పనులకు పోవు స్త్రీలు అంత శ్రుతిశుద్ధముగా కీర్తనలు పాడుట కన్నులార చూచుట వేరు.

శిశువు శిరస్సుపై గురువు ముమ్మారు నీరు పోసి పేరు పెట్టెను. వాడు కెవ్వున నేడ్చెను, అందరును నవ్విరి. పిమ్మట సమాధానము నందించుట యను కార్యము జరిగెను. 1947 సెప్టెంబరు 27న వేర్వేరు సంఘములు కొన్ని యేకమై దక్షిణ భారత సంఘముగా ఏర్పడెను. ఆ యైక్యమునకై అజరయ్య 1919నుండి కృషిచేసి, దానిని కన్నులార చూడకయే 1945 జనవరి 1న డోర్నకల్లున కన్నుమూసెను. ఆ సంఘపు ఆరాధనలో ఒకరి చేతిని మరియొకరు రెండు చేతులనడుమ నుంచుకొని, ప్రభువు సమాధానమును వరుసగా చేతినుండి చేతికి అందింతురు. మేము పరులము గదా, మమ్ము దాటి పోవుదురనుకొంటిమి. దాటలేదు. ప్రక్కనున్న ముదుసలి తన రెండు చేతులనడుమకు మా చేతిని తీసికొనెను. కలుపుతీసి, కోతకోసి కాయలుగాచిన చేతులవి. తరువాత మా ప్రక్కనున్నది మా ఆడబిడ్డ. ఆ సమాధానమును ఆమెకు మేమే అందింపవలసి వచ్చెను. ఆమె చేతిని మా చేతులనడుమ పెట్టుకొని, చెప్పవలసిన మాట తెలియక, "అమ్మాయీ" యని మాత్రము పిలిచితిమి. ఆమె కన్నుల నీరు తుడుచుకొనెను. అనంతరము రొట్టెయు ద్రాక్షారసమును పుచ్చుకొనుటకు వారు ముందునకు పోగా, మేము మా స్థానముననే నిలిచితిమి. ఎవ్వరును మమ్ము రమ్మని బలవంతపెట్టలేదు, లేదని చిన్నచూపును చూడలేదు.

మధ్యాహ్నము ఇంటిముందు పందిటిలో విందు. దానిని వారు ప్రేమవిందందురు. మాకొఱకు శాకములు వేరుగా వండించిరి. పంక్తి మాత్రము వేరుచేయలేదు. ప్రధానోపాధ్యాయుడును, రైల్వే ఉద్యోగియు, వ్యవసాయపు కూలీయు ఒకే చాపమీద కూర్చుండిరి. ఉదయము సమాధాన మందించిన ముదుసలియే మా ప్రక్క కూర్చుండెను. విస్తరిలో అన్నము పడినది. నిజము దాచనేల? మా చేయి ఒక క్షణము వెనుకాడెను. పుట్టినింట నేర్చిన అలవాటు ఒక్క రాత్రి పశ్చాత్తాపముతో పోవునా? ఆమె గ్రహించెనో లేదో మాకు తెలియదు. "తిను బిడ్డా, సల్లారిపోతది" అనెను. మేము ముద్ద కలిపితిమి. ఆమె మాటలలో చెప్పినదేమనగా, వండుటకు ముందు పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టుట ఇచ్చటి స్త్రీల వాడుక. "మా అవ్వ పిడికిట్ల బియ్యం ఆ గుడి గోడల ఉన్నయి బిడ్డా" అని ఆమె గర్వముగా చెప్పెను. ఒక్కపూటైన కడుపునిండ తినని స్త్రీలు తమ కుండలోనుండి తీసిన పిడికెడు! మా పార్సెలు దానియెదుట ఏపాటిది?

భోజనానంతరము మావారు మేనల్లుని ఒడిలో కూర్చుండబెట్టుకొని వెన్నముద్ద నాకించిరి. మా ఆడబిడ్డ తలుపుచాటున నిలిచి చూచుచుండెను. తొమ్మిదేండ్ల మాట ఎవరును ఎత్తలేదు. క్షమాపణ లడుగుకొనలేదు. ఆమె మజ్జిగ తెచ్చి యిచ్చెను, మేము త్రాగితిమి.

సోదరీమణులారా, మేము మతము మార్చుకొని రాలేదు; మార్చుకొనుమని ఎవరును కోరలేదు. మా సంధ్యాదీపము మా యింట వెలుగుచునేయున్నది. అయినను ఆ దేవాలయమున నేర్చినది మాకు వదలదు. మనలో అనేకులము దూరమైన బంధువులకు కానుకలు పంపి ఋణము తీరెననుకొందుము. కానుక పోయినచోటికి కాళ్ళును పోవలయును. ఇచ్చుటకంటె ఎదుటివారి చేతినుండి పుచ్చుకొనుటయే కష్టతరము. అహంకారము కరగునది అక్కడనే.

ఇల్లు చేరునప్పటికి రాత్రియయ్యెను. అత్తగారు మేలుకొనియే యుండిరి. ఏమియు నడుగలేదు. మేము కాళ్ళు కడుగుకొని లోపలికి వచ్చుచుండగా, మెల్లగా, "పిల్లవాడు ఎవరి పోలిక?" అని యడిగిరి.

"మీ పోలికయే అత్తయ్యా" అంటిమి. ఆమె జపమాల ప్రక్కనపెట్టి, బండి ఎన్నిగంటలకని విచారించిరి.