మా యంత్రశాల చేతులు మారిన విధము

ఇల్లు అమ్మునప్పుడు గోడలు కొలిచి వెల కట్టుదురు. పొలము అమ్మునప్పుడు గట్లు చూపుదురు. మూడు తరములుగా ఒక కుటుంబమును పోషించిన మరమ్మతు పనిశాలను అమ్మునప్పుడు దేనిని కొలువవలెను? దేనిని చూపవలెను? ఈ ప్రశ్న గత సంవత్సరము మాకు ఎదురయ్యెను. దానికి మాకు దొరికిన సమాధానము మన పాఠశాల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపకరింపవచ్చునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తాతగారు నెల్లూరు సీమనుండి చెన్నపట్నము వచ్చి, జార్జిటౌనులో ఒక అద్దె గదిలో అచ్చుయంత్రములు బాగుచేయు పని మొదలుపెట్టిరి. ఆనాడు ఈ పట్టణము తెలుగు అచ్చునకు పుట్టినిల్లు వంటిది. వావిళ్లవారి ముద్రణాలయము 1854లో ఇక్కడనే వెలసెను. 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికయై ఇక్కడినుండియే వెలువడెను. 1947లో ఒకే సంస్థ తెలుగున చందమామను, తమిళమున అంబులిమామను ప్రారంభించెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు చెన్నపట్నము అందులో చేరలేదు. తెలుగువారు పలువురు తరలిపోయిరి. మా తాతగారు పోలేదు. “యంత్రమునకు భాష లేదు. విరిగినచోట అతుకువాడు కావలెను, అంతే” అనెడివారట.

తాతగారి కాలమున పని యంతయు కాలితో తొక్కి నడుపు ట్రెడిల్ యంత్రములది. మా నాయనగారి కాలమునకు ఆఫ్‌సెట్ ముద్రణము వ్యాపించి, ట్రెడిళ్లు ఒక్కొక్కటిగా పాత ఇనుము కొట్లకు చేరెను. అయినను పని నిలిచిపోలేదు. హైడెల్‌బర్గ్ ప్లేటెన్ యంత్రములు నేటికిని రశీదు పుస్తకములకు వరుస సంఖ్యలు వేయుటకును, చింపుటకు వీలుగా చిల్లుల గీతలు కొట్టుటకును, అట్టపెట్టెలు కత్తిరించుటకును ఉపయోగపడుచున్నవి. వానిని తయారుచేయుట 1985లోనే ఆగిపోయినది. కావున ఒక బుష్షు అరిగినను, ఒక పిన్ను విరిగినను దానిని లేతుమీద క్రొత్తగా చేయగలవాడు కావలెను. మా నాయనగారు నలుబదియేండ్లు ఆ పనియే చేసిరి.

వారికి కంటిచూపు మందగించెను. మా అన్నదమ్ములలో ఒకరు బ్యాంకు ఉద్యోగి, మరియొకరు కంప్యూటరు సంస్థలో పనివాడు. లేతు పట్టిన చేయి మాలో ఎవరికిని లేదు. అప్పుడు రెండు బేరములు వచ్చినవి. పాత ఇనుము వర్తకుడు లేతును, బెంచీలను, విడిభాగములను తూకము వేసి అప్పటికప్పుడు పూర్తి సొమ్ము ఇత్తుననెను. మా వద్ద ఇరువదిరెండేండ్లుగా పనిచేయుచున్న తమిళ పనివాడు సగము సొమ్ము ఇప్పుడు, తక్కినది మూడేండ్లలో వాయిదాలుగా ఇత్తుననెను. అమ్మానాయనల వైద్యమునకును జీవనమునకును ఆ సొమ్మే ఆధారము. వాయిదా తప్పినచో ఏమి గతి యని మేము రెండు వారములు తర్జనభర్జన పడితిమి. తుదకు అమ్మయే తేల్చినది: “ఇనుము కొనువాడు ఇనుమే తీసికొనిపోవును. మీ నాయన చేసిన పని ఎవరికి ఇత్తురురా?”

ఆ మాటతో పత్రములు వ్రాయించితిమి. న్యాయవాది చెప్పగా తెలిసికొన్న విషయ మొకటి పాఠకులకు చెప్పదగినది. ఒకడు తన వృత్తి చేసికొనరాదని కట్టడి చేయు ఒప్పందము 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 27వ సెక్షను ప్రకారము చెల్లదు. కాని వ్యాపారముతో పాటు దాని మంచిపేరును, అనగా గుడ్‌విల్‌ను, అమ్మినవాడు న్యాయమైన హద్దులలో, కొన్నవానికి పోటీగా అదే వ్యాపారము పెట్టనని ఒప్పుకొనవచ్చును. పేరు కూడ ఆస్తియే యన్నమాట. మేము అట్లే ఒప్పుకొంటిమి.

పేరు చేతులు మారియు నిలుచునని చెప్పుటకు ఈ పట్టణముననే సాక్ష్యము కలదు. అన్నాసాలై మీద పోవువారందరికిని సింప్సన్ పేరు తెలియును. 1840లో గుఱ్ఱపుబండ్లు చేయుటకై స్థాపింపబడిన సంస్థ అది. తరువాత అది అనంతరామకృష్ణన్ గారి యాజమాన్యమునకు వచ్చి, డీజిలు ఇంజనులు చేయు స్థితికి ఎదిగెను. యజమాని మారెను, సరుకు మారెను. పేరు మాత్రము మారలేదు.

అయితే మా పనిశాలలో పేరును మించినది మరియొకటి ఉండెను. అది పదునొకండు నోటు పుస్తకములు. ఏ అచ్చుకూటములో ఏ యంత్రము ఎప్పుడు ఏల చెడినది, ఏ కొలతకు బుష్షు తిప్పినది, మరల ఎక్కడ అరుగవచ్చునో తాతగారును, నాయనగారును వానిలో వ్రాసి పెట్టిరి. అంతయు తెలుగే. అంకెలు సైతము తెలుగు అంకెలే. క్రొత్త యజమాని మా యింట తెలుగు మాటలాడ నేర్చెనే గాని చదువనేరడు. నాయనగారికి చూపు ఆనదు. “యంత్రమునకు భాష లేదు” అన్న తాతగారి మాట సగమే నిజమని అప్పుడు మాకు తెలిసినది. యంత్రమునకు లేకపోవచ్చును, దానిని బాగుచేయు తెలివికి భాష ఉన్నది.

ఆ చిక్కు విప్పినది మా యింటి పిల్ల. ఆమె తెలుగు మాధ్యమమున ఎనిమిదవ తరగతి చదువుచున్నది. 2006 నాటి చట్టము ననుసరించి తమిళమును నేర్చినది. ప్రతి ఆదివారము పనిశాలలో కూర్చుండి ఆమె చదువును. ఆయన తమిళమున వ్రాసికొనును. నాయనగారు ప్రక్కన కూర్చుండి సందేహములు తీర్చుదురు. ఒకనాడు ఆమె పుట అంచున ఒంటిగా నున్న “౯౧౮” అను అంకెను చూపి, “మామా, తొమ్మిదివందల పద్దెనిమిది అని ఉన్నది. పక్కన ఏమియు లేదు” అనెను. ఆయన నవ్వి, “అది అక్షరము ఎత్తు, పాపా” అనెను. అంగుళమును వేయి భాగములు చేసినచో 918 భాగములు సీసపు అక్షరము ఎత్తు, సుమారు 23.3 మిల్లీమీటర్లు. సిరా రోలరు ఆ ఎత్తునకు సరిగా తాకవలెను. క్రిందికి దిగినచో సిరా అలుకుకొనిపోవును. పైకి లేచినచో అక్షరము వెలవెలబోవును. చదువ నేర్చిన పిల్లకు ఆ అంకె అర్థము తెలియదు. అర్థము తెలిసిన పనివానికి ఆ అంకె చదువరాదు. ఇరువురును కలిసినప్పుడే తాతగారి మాట వినబడెను. నాయనగారు మాత్రము, “సరే తంబీ, తరువాతి పుట” అనిరి.

తలిదండ్రులు కొందరు, ఈ పట్టణమున తెలుగు చదువు పిల్లలకు ఏమి అన్నము పెట్టునని అడుగుచుందురు. మేమును అడిగినవారమే. మీ యింటి పెట్టెలోను తాతలు వ్రాసిన పద్దు పుస్తకమో, వైద్యుని చిట్టాయో, నేతగాని లెక్కయో ఉండవచ్చును. వానిని బిడ్డచేత ఒకసారి చదివించి చూడుడని మాత్రము కోరుచున్నాము.

వాయిదాలు ఇంతవరకు తప్పక అందుచున్నవి. పనిశాల ముందరి పలకమీద తమిళము పైనను, తెలుగు క్రిందను మునుపటివలెనే యున్నవి. పదునొకండు పుస్తకములలో తొమ్మిది ముగిసినవి. తక్కిన రెండును వేసవి సెలవులలో పూర్తియగును.